సద్ది నుంచి ప్యాకెట్ దాకా: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల ఇంటి తిండి – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాలమూరు మెట్టప్రాంతపు కుటుంబాల తిండిలోకి కార్ఖానాల్లో తయారైన ప్యాకెట్ పదార్థాలు ప్రవేశించిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇవి పూటభోజనాన్ని నెట్టివేసి రాలేదనీ, జొన్న కేంద్రంగా సాగిన సేద్యం తరిగిపోవడంతో పూటకూ పూటకూ నడుమ ఖాళీ అయిన చోటును ఆక్రమించాయనీ ప్రతిపాదిస్తుంది. కనుక వీటిని తగ్గించుకోవడాన్ని తల్లుల శ్రద్ధాశ్రద్ధల సమస్యగా మాత్రమే చూడరాదని వాదిస్తుంది.

కీలక పదాలు: పాలమూరు, జొన్న, సద్ది, నడుమతిండి, కంట్రోల్ బియ్యం, కార్ఖానా తిండి, సాంఘిక చరిత్ర.

1.0 ఉపోద్ఘాతం

సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల కన్నా ప్రజలకే పెద్దపీట. ఏ కాలంలో జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్న ప్రశ్నలకు ఆయన కావ్యాల్లో, శతకాల్లో, చాటువుల్లో సమాధానాలు వెదికారు. 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ గ్రంథాన్ని మనం తరచుగా సాహిత్యచరిత్రకు తోడుపుస్తకంగానే చదువుతున్నాం. గ్రంథకర్త 1896లో పుట్టిన బోరవెల్లి నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. 1952లో ఆయన హైదరాబాదు శాసనసభకు ఎన్నికైంది వనపర్తి నుంచి. ఆయన కలం ఆగిన చోటు నుంచి ఈనాటి దాకా, ఆయన నేల మీది వంటింటిని గురించే ఒక అధ్యాయం చేర్చవలసి వస్తే అందులో బిస్కెట్టుకు, నూడుల్స్‌కు, చిప్స్ ప్యాకెట్టుకు చోటివ్వక తప్పదు.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఈ వ్యాసానికి క్షేత్రం. ఇందులో కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ ఉంది, వనపర్తి చెరువుల కింది తరి ఉంది, అచ్చంపేట దాటాక నల్లమల అడవి ఉంది. ఈ మూడింటి మధ్యా విస్తరించినది మెట్టనేల. ఈ ప్రాంతపు తిండి కథ ప్రధానంగా ఆ మెట్టదే.

2.0 పేరు కుదరని తిండి

బ్రెజిల్‌లోని సావో పౌలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మొంటేరో 2009లో ప్రతిపాదించిన ‘నోవా’ వర్గీకరణ ఆహారాన్ని పోషకాలను బట్టి కాక, తయారైన తీరును బట్టి విభజిస్తుంది. దాని ఇప్పటి రూపంలో నాలుగు వర్గాలున్నాయి. గింజలు, కూరగాయలు, పాలు, మాంసం వంటివి మొదటి వర్గం. వాటిని వండుకోవడానికి వాడే నూనె, ఉప్పు, బెల్లం రెండోది. మొదటి వర్గపు పదార్థానికి ఉప్పో నూనెనో చేర్చి నిలువచేసినవి మూడోది. ఇంటి వంటగదిలో ఎన్నడూ కనిపించని పదార్థాలతో, అంటే విడదీసిన పిండిపదార్థాలు, కృత్రిమ రుచులు, రంగులు, ఎమల్సిఫయర్ల వంటి వాటితో, పారిశ్రామికంగా తయారయ్యేవి నాలుగోది. ఆంగ్లంలో వీటిని ‘అల్ట్రా ప్రాసెస్డ్’ అంటారు.

ఈ మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒక చిక్కు వచ్చిపడింది. పత్రికల్లో ‘ప్రాసెస్డ్’ అన్నదానికి ‘శుద్ధి చేసిన’ అనే అనువాదం స్థిరపడింది. దాని వెంట ‘అతిశుద్ధి ఆహారం’ అన్న మాటా పుట్టింది. తెలుగువాడి చెవికి శుద్ధి అంటే మలినం పోవడం. నీటిశుద్ధి, త్రికరణశుద్ధి, శుద్ధి చేసిన బంగారం అనే వాడుకల మధ్య పెరిగినవారికి అతిశుద్ధి ఆహారం అంటే మరింత పరిశుభ్రమైన ఆహారమనే స్ఫురిస్తుంది. హెచ్చరిక కావలసిన మాట ప్రశంసగా మారింది. పారిభాషిక పదకల్పన మీద మన శాఖల్లో ఎన్నో సిద్ధాంత వ్యాసాలు వస్తున్నాయి కాని, ఇలాంటి పదాల దగ్గర వాటి ఫలితం అంతగా కనిపించదు. జనవ్యవహారంలో ఉన్న ‘ప్యాకెట్ తిండి’ మేలైన మాటే అయినా, పాలూ బియ్యమూ కూడా ప్యాకెట్లలోనే వస్తున్నందున అందులో అతివ్యాప్తి దోషం ఉంది. తెలంగాణ వాడుకలో ఉన్న ‘కార్ఖానా’ శబ్దాన్ని తీసుకొని ఈ వ్యాసంలో ‘కార్ఖానా తిండి’ అని వ్యవహరిస్తున్నాను.

ఇక్కడ ఒక స్పష్టత అవసరం. అంగడిలో అప్పటికప్పుడు వేసి ఇచ్చే మిరపకాయ బజ్జి ఆరోగ్యానికి మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. అది మాత్రం కార్ఖానా తిండి కాదు. శనగపిండి, మిరపకాయ, నూనె, ఉప్పు ఏ ఇంట్లోనైనా ఉండేవే. నూనె ఎక్కువైన ప్రతి తిండినీ ఒకే గాటన కట్టే అలవాటు వల్ల ఈ చర్చలో గందరగోళం పెరిగింది.

3.0 మెట్టనేల మీది పూటలు

సంస్థానాల కాలంలో ఈ ప్రాంతంలో వరి లేదని కాదు. శ్రీరంగాపురం రంగసముద్రం వంటి చెరువుల కింద వరి పండింది. అయితే దాని వినియోగంలో గుడికీ గడీకీ ఉన్న వాటా కూలివాడి కంచానికి లేదు. మెట్ట కుటుంబానికి వరిబువ్వ పండుగ నాటి వంట. రోజువారీ తిండి జొన్నది. వానకాలంలో పచ్చజొన్న, యాసంగిలో నల్లరేగడి మీద తెల్లజొన్న వేసేవారు. ఎర్రనేలల్లో సజ్జ, కొర్ర, తైదలు పండేవి. కూలి కూడా గింజల రూపంలోనే ముట్టేది. కనుక జొన్న ఏకకాలంలో పంటా తిండీ చెల్లింపు సాధనమూ అయింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం విధించిన లెవీ గల్లా రైతుల మీద పడినప్పుడు అంత ఆగ్రహం రగలడానికి ఇదొక కారణం. ప్రభుత్వం కొలుచుకొని పోయినది అమ్ముకునే సరుకును కాదు, ఇంటిల్లిపాదీ ఏడాదంతా తినవలసిన గింజను.

వంట వివరాలు ఆహారచరిత్రలో తరచు జాబితాలుగా మిగిలిపోతాయి. ఇక్కడ చూడవలసింది వంటల పేర్ల కన్నా వాటి వేళలను. పొద్దున సద్ది. రాత్రి మిగిలిన గటకనో సంగటినో మజ్జిగ కలిపి, ఉల్లిగడ్డతోనో తొక్కుతోనో తిని పనికి పోవడం. పొలం దగ్గర మధ్యాహ్నం రొట్టె. రాత్రికి వేడివేడి సంగటి, పప్పో పచ్చిపులుసో. ఈ పూటల నడుమ పిల్లల చేతికీ, పని నడుమ అలసిన పెద్దల చేతికీ అందిన తిండి మరొకటుంది. దానిని ‘నడుమతిండి’ అందాం. జొన్న చేను పాలు పోసుకున్న నాటి నుంచి అది మొదలవుతుంది. లేతకంకిని నిప్పుల మీద కాల్చి నలిపితే ఊసబియ్యం. గింజలు ఇంటికి చేరాక వేయిస్తే పేలాలు. తొలి ఏకాదశికి వాటినే దంచి బెల్లం కలిపితే పేలాలపిండి. జొన్నలో సాళ్లుగా వేసిన కంది, అనుములు, పెసర, అలసందలను ఉడకబెడితే గుడాలు. చేలో వేరుశనగ ఉంటే పచ్చికాయ, ఉడికిన కాయ, కాల్చిన కాయ. మిగిలిన రొట్టెను బెల్లంతో నలిపితే మలీద. అదే బతుకమ్మ నాటికి ముద్దలై పళ్లెంలోకి ఎక్కుతుంది.

వీటిలో ఏదీ ప్రత్యేకంగా ‘పిల్లల కోసం’ కొని తెచ్చింది కాదు. ఇవన్నీ సేద్యపు ఉపఫలాలు. చేను ఉంటే ఇవి ఉంటాయి. చేనులో పంట మారితే ఏ గృహిణీ పూనుకొని మానకుండానే ఇవి మాయమవుతాయి. ఈ వ్యాసం నిలబడేది ఈ గుర్తింపు మీదనే.

ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించే ధోరణి ఈమధ్య బాగా పెరిగింది. దానికి చరిత్ర ఒప్పుకోదు. జొన్నను విసరడం, దంచడం స్త్రీల వెన్ను విరిచే పని. గిర్ని ఊరికి వచ్చేదాకా తెల్లవారుజాము విసుర్రాయి దగ్గరే గడిచేది. జొన్న మీదే బతికే పేదల్లో చర్మం నల్లబడి పొరలుగా ఊడే పెల్లాగ్రా అనే జబ్బు దక్కన్‌లో కనిపించింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ జబ్బుకూ జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఉన్న సంబంధాన్ని చర్చకు తెచ్చింది. ఆ ప్రతిపాదన మీద తరువాత వాదోపవాదాలు జరిగాయి. అయితే పప్పూ పాలూ కూరా తోడులేని జొన్న ఒంటరిగా మనిషిని కాపాడలేదన్నది నిలిచింది. జొన్నను పొగిడేవారు ఈ వ్యాసాన్ని కూడా చదవాలి.

హోదా సంగతి మరొకటి. శ్రీనాథుడివిగా ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూటి మీద వెటకారం మనందరికీ తెలుసు. తరగతి గదుల్లో వాటిని చెప్పి నవ్విస్తాం. ఆ జొన్న తినేవాళ్ల పిల్లలే ఎదుట బెంచీల మీద కూర్చున్నారన్న స్పృహ మనకు చాలా ఆలస్యంగా కలిగింది. సన్నబియ్యం సంస్కారానికి, జొన్న మోటుతనానికి గుర్తుగా శతాబ్దాల పాటు చదువుకున్న సమాజంలో, వరి అందుబాటులోకి రాగానే జొన్నను వదలడం ఆశ్చర్యం కాదు. ఆత్మగౌరవం కోసం కూడా జనం వరి వైపు నడిచారు.

4.0 కంట్రోల్ బియ్యం, చొప్ప, ట్రాక్టరు

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని అమలుచేసింది. పాలమూరు వంటి కరవునేలలో దాని విలువను తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. ఆకలిని అది నిజంగా తగ్గించింది. 1990లలో ధర పెరిగినా, 2008లో మళ్లీ రెండు రూపాయలకు, 2011లో రూపాయికి దిగింది. 2015 జనవరి నుంచి తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోల లెక్కన ఇవ్వడం మొదలైంది. నలభై ఏళ్ల పాటు ప్రభుత్వాలు మారినా రేషన్ దుకాణంలో గింజ మారలేదు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టం ముతకధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వవచ్చని చెప్పినా, ఇక్కడి దుకాణాల్లో జనానికి అలవాటైనది బియ్యమే. 1940లలో జొన్నను కొలిచి తీసుకుపోయిన రాజ్యం, 1980లలో బియ్యాన్ని కొలిచి ఇచ్చింది. రెండుసార్లూ ఏ గింజ ముఖ్యమో నిర్ణయించింది రాజ్యమే.

జొన్న తగ్గడానికి బియ్యం పథకం ఒక్కటే కారణమన్న వాదం తరచు వినిపిస్తుంది. అది అసంపూర్ణం. రైతు జొన్నను గింజ కోసమే వేయలేదు, చొప్ప కోసం కూడా వేశాడు. కాడెద్దులు, బర్రెలు ఉన్నంతకాలం చొప్ప ఇంటికి కావాలి. ట్రాక్టరు వచ్చి కాడి తగ్గాక చొప్ప అవసరం పడిపోయింది, దానితో జొన్న వేయడానికి ఉన్న సగం కారణం పోయింది. పశువులు తగ్గితే మజ్జిగ తగ్గింది. మజ్జిగ లేని సద్దికి రుచి లేదు. పిట్టలను తోలడానికి మంచె మీద పిల్లవాడు కావాలి, వాడు బడికి పోయాడు, పోవలసిందే. చుట్టూ అందరూ పత్తి వేస్తే మధ్యలో ఒక్కడి జొన్న చేను మీద ఊరి పిట్టలన్నీ వాలతాయి. అందుకే జొన్నను ఊరు ఊరంతా వదిలేసింది.

నీరు కూడా వచ్చింది. 1950లలో తుంగభద్ర మీద రాజోలిబండ మళ్లింపు పథకం అలంపురం వైపు, 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల కృష్ణ మీద, 2004 తరువాత ఊపందుకున్న కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు మెట్టలో కొంత భాగాన్ని తరిగా మార్చాయి. నీరు చేరని చోట పత్తి, నడిగడ్డలో విత్తన పత్తి, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి వేరుశనగ విస్తరించాయి. ఇవన్నీ అమ్ముకునే పంటలు. వీటిలో వేరుశనగ ఒక్కటే నోట్లో వేసుకోగలిగింది, అది కూడా కాయగా మార్కెట్ యార్డుకు పోతుంది. 1994లో పామోలిన్ దిగుమతిని సరళీకరించాక చౌకనూనె దేశమంతటా పరచుకుంది. 2013 నాటి ‘అమ్మహస్తం’ పథకం 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో పామోలిన్ కూడా ఒకటి. పల్లీలు పండించిన ఇంటికి గానుగ నూనెకు బదులు పామోలిన్ పొట్లం వచ్చింది. నోవా లెక్కలో పామోలిన్ రెండో వర్గపు వంటదినుసే, కార్ఖానా తిండి కాదు. కాని కార్ఖానా తిండి చౌకగా తయారు కావడానికి కావలసిన ముడిసరుకుల్లో అది ప్రధానమైనది.

5.0 ఖాళీ అయిన నడుమ

వరి మీద బతికే ఇంట్లో రాత్రి అన్నం మిగిలితే సద్దన్నం ఉంటుంది. పొద్దుటి పూట పూర్తిగా పోలేదు. పోయినది నడుమతిండి. వరిచేను ఊసబియ్యం ఇవ్వదు. పత్తిచేను ఏమీ ఇవ్వదు. అంతరపంటలు లేవు కనుక గుడాలు లేవు. పిల్లవాడికి మాత్రం బడి వదిలిన వేళకు ఆకలి అవుతూనే ఉంది.

కార్ఖానా తిండి సరిగ్గా ఈ వేళను కనిపెట్టింది. ఇన్‌స్టంట్ నూడుల్స్ భారతదేశంలో 1980ల తొలి ఏళ్లలోనే అడుగుపెట్టినా చాలాకాలం నగర మధ్యతరగతి వస్తువుగానే ఉన్నాయి. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత బహుళజాతి సంస్థలు చిరుతిండి వ్యాపారంలోకి దిగాయి. లేస్ 1995లో, మన రుచికి దగ్గరగా ఉండాలని రూపొందించిన కుర్కురే 1999లో వచ్చాయి. ఊరి కిరాణంలోకి ఇవి రావడానికి దారి వేసినది రుచి కన్నా ధర అని నా అభిప్రాయం. ఐదు రూపాయల బిళ్లకు సరిపోయే పొట్లం. దానికి పొయ్యి అక్కరలేదు, గిన్నె అక్కరలేదు, తల్లి ఇంట్లో ఉండనక్కరలేదు. కొనుగోలుదారు ఏడేళ్ల పిల్లవాడే కావచ్చు. నడుమతిండి చరిత్రలో పిల్లవాడు స్వయంగా కొనుగోలుదారు కావడం అంతకు ముందు లేని పరిణామం. పూర్వం అంగడిలో మరమరాలు, పుట్నాలు కొనిచ్చినా అది వారానికొక్కనాటి మాట.

తల్లి ఇంట్లో ఎందుకు లేదన్నది కూడా చరిత్రే. గుంపు మేస్త్రీల కింద దేశంలోని ఆనకట్టల మీద, కాలువల మీద పనిచేసిన పాలమూరు లేబర్ గురించి సాహిత్యంలో, పత్రికల్లో చాలా వచ్చింది. వలసలో తిండి ఏమైందన్నది తక్కువగా వచ్చింది. పని స్థలంలో గుడారం వేసుకున్న కుటుంబానికి రోలూ విసుర్రాయీ వెంట రావు. బియ్యం ఉడికినంత తేలిగ్గా సంగటి కుదరదు, రొట్టెకు చేతి నేర్పు, పెనం, తీరిక కావాలి. పొద్దున చాయ్‌లో ముంచుకునే బిస్కెట్టు సద్దికి ప్రత్యామ్నాయమైనది ఇటువంటి బతుకుల్లోనే. ఊళ్లో ఉండిపోయిన స్త్రీలకు విత్తన పత్తి పని. పువ్వు పువ్వునూ చేత్తో పరాగసంపర్కం చేయవలసిన ఆ పనికి తెల్లవారగానే చేలో ఉండాలి; వెలుగు రాకముందే వంట ముగియాలి. సాయంత్రపు తిండి ఆ వంటలో ఎలా చేరుతుంది?

ఈ నేపథ్యంలో అంకెలను చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత విభాగం, ఇక్రియర్ సంస్థ కలిసి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2011 నుంచి 2021 వరకు దేశంలో ఈ తరగతి పదార్థాల చిల్లర అమ్మకాల విలువ ఏటా సగటున 13.37 శాతం పెరిగింది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం ఇరవైమంది మీద చేసిన ప్రయోగంలో, రెండు వారాలు కార్ఖానా తిండి తిన్నప్పుడు వాళ్లు వండిన తిండి తిన్నప్పటి కన్నా రోజుకు సుమారు 500 కిలోకేలరీలు ఎక్కువ తీసుకున్నారు. రెండు తిండ్లలోనూ వడ్డించిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు పరిమాణాలు సమానమే. ప్రయోగం చిన్నదే కాని, దోషం పోషకాల పట్టికలో మాత్రమే లేదని అది సూచించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలు ఈ పదార్థాలను తగ్గించుకోవాలని నేరుగా చెప్పాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది, 30.1 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. ఒకే సమాజంలో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో, కొరతా అధికమూ పక్కపక్కన ఉన్న స్థితి ఇది.

తగ్గించుకోవడం ఎట్లా అన్న ప్రశ్నకు చరిత్ర ఇచ్చే జవాబు వైద్యుడు ఇచ్చే జవాబు కన్నా కొంత భిన్నంగా ఉంటుంది. పూటభోజనం ఇంకా ఇంట్లోనే వండుతున్నారు. అన్నం, పప్పు, కూర, చారు చెక్కుచెదరలేదు. సరిచేయవలసిన చోటు బడి వదిలిన తరువాతి గంట. గుప్పెడు పుట్నాలు, బెల్లంముక్క, ఉడికిన పల్లీలు, ముందురోజు నానబెట్టిన అనుముల గుడాలు ఆ గంటకు చాలు. వీటిలో చాలావాటి ధర నేటికీ ప్యాకెట్టుకు దూరంగా లేదు. లేనిది వాటిని ఆ వేళకు సిద్ధం చేసిపెట్టే మనిషి. ఇంట్లో ముసలామె ఉన్న చోట, అన్నల, పెద్దనాన్నల ఇళ్లు పక్కపక్కన ఉన్న చోట ఇది కొంత సులభం. కూలికి పోయే ఒంటరి జంటకు కష్టం. ‘ప్యాకెట్లు కొనిపెట్టే తల్లి’ని మందలించే ఉపన్యాసాలు ఈ తేడాను గమనించవు.

మన శాస్త్రానికి సంబంధించిన పని ఒకటి ఇక్కడ ఉంది. నడుమతిండి పదజాలం మండలానికీ మండలానికీ మారుతుంది; ఒకే వస్తువుకు నడిగడ్డలో ఒక పేరు, అచ్చంపేట వైపు మరో పేరు. వృత్తిపదకోశాలు సేద్యాన్ని, చేనేతను సేకరించినంత శ్రద్ధగా ఈ పదాలను సేకరించలేదు. విసుర్రాయి తిప్పిన తరం ఇప్పుడు డెబ్బై దాటింది.

6.0 నల్లమల

అమ్రాబాదు పీఠభూమి మీది చెంచుల కథ ఇంతకన్నా వేగంగా జరిగింది. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రచురించిన చెంచుల గ్రంథం గడ్డలు తవ్వుకొని, పండ్లు, తేనె, ఇప్పపువ్వు సేకరించుకొని బతికే సమాజాన్ని వర్ణించింది. పులుల సంరక్షణ, స్థిరనివాస పథకాలు, అడవి మీద ఆంక్షలు ఆ సేకరణ పరిధిని కుదించాయి. మెట్ట రైతుకు జొన్న నుంచి వరికి, వరి నుంచి ప్యాకెట్టుకు నడుమ ఒక తరమైనా పట్టింది. చెంచు పెంటల్లో గడ్డల బుట్ట పక్కనే కంట్రోల్ బియ్యం, దాని పక్కనే బిస్కెట్టు దాదాపు ఒకే కాలంలో చేరాయి. శ్రీశైలం దారి వెంట వాహనాలు ఆగే చోట్ల ప్యాకెట్ల దుకాణాలు వరుసగా ఉన్నాయి. అడవిలోకి కార్ఖానా తిండి యాత్రికుల దారినే వచ్చింది. దీనికి విడిగా ఒక పరిశోధన అవసరం.

7.0 ప్రభుత్వ వంటగది

సుప్రీంకోర్టు 2001 నవంబరు ఉత్తర్వుల తరువాత 2003లో ఉమ్మడి రాష్ట్రపు బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు ఒకపూట నిండు భోజనం పెడుతున్నారు. పూటభోజనాన్ని నిలబెట్టడంలో ఇవి చేసిన మేలు పెద్దది. అయితే ఇవి కూడా పూటలను గురించి ఆలోచించాయే తప్ప నడుమను గురించి కాదు. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం మాత్రం ఇంటికి ఇచ్చే పొడి: వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి ప్రభుత్వ సంస్థ తెలంగాణ ఫుడ్స్ తయారుచేస్తుంది. ఇది ఏ వర్గంలోకి వస్తుంది? పదార్థాలు ఇంటివి, తయారీ కార్ఖానాది, ఉద్దేశం పోషణ. నోవా వర్గీకరణ మీద వచ్చే విమర్శల్లో ఇటువంటి హద్దు ప్రశ్నలే ఎక్కువ. బాలామృతాన్ని చిప్స్ పొట్లంతో ఒకే గాటన కట్టడం సరికాదు. కాని పాలు మరిచే వయసులోనే తీపి పొడి రుచి అలవాటు కావడాన్ని పట్టించుకోకుండా ఉండడమూ సరికాదు.

8.0 చదవలేని అట్ట

కార్ఖానా తిండిని గుర్తుపట్టడానికి నిపుణులు చెప్పే మొదటి సూచన: అట్ట వెనుక ఉన్న పదార్థాల జాబితా చదవండి, వంటింట్లో లేని పేర్లు కనిపిస్తే అనుమానించండి. గద్వాల పల్లెలో ఈ సూచన పాటించడం ఎట్లా? ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ లేబుల్ నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఆంగ్లంలో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే చాలు. ఇతర భాషలు అదనంగా వాడుకోవచ్చు, కాని విధి కాదు. 2011 జనగణనలో పాత మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, అందులో తెలుగు మాత్రమే చదవగలిగినవారి వాటా పెద్దది. పొట్లం ముందువైపు తెలుగు సినిమా తార బొమ్మ, తెలుగు ప్రకటన ఉండవచ్చు. వెనుకవైపు మాల్టోడెక్స్‌ట్రిన్, ఐఎన్‌ఎస్ 635 అనే మాటలు ఆమెకు తెలియని లిపిలో, సన్నని అక్షరాల్లో ఉంటాయి. అమ్మేటప్పుడు తెలుగు వచ్చిన వ్యాపారానికి, చెప్పవలసినప్పుడు తెలుగు రాలేదు.

పాలనాభాషగా తెలుగు గురించి తీర్మానాలు చేసే సభల్లో ఈ అట్ట ఎన్నడూ చర్చకు రాకపోవడం విడ్డూరం. తెలుగు అధ్యాపకులకు ఇంతకన్నా దగ్గరి భాషాసమస్య మరొకటి కనిపించదు. పదార్థాల పేర్లు తెలుగు లిపిలో ఉంటే చాలదు, అవి ఏమిటో తెలిపే మాటలు కావాలి. వాటిని కల్పించవలసినది మనమే. ‘అతిశుద్ధి’ అనుభవం ఉంది కనుక ఆ పని ఎంత జాగ్రత్తగా చేయాలో తెలుసు.

9.0 తిరిగి వస్తున్న జొన్న

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జాతీయ పోషకాహార సంస్థ 2017 ఆహార పట్టికల ప్రకారం నూరు గ్రాముల జొన్నలో పీచు సుమారు 10 గ్రాములు, మిల్లు పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపే. ఇటువంటి అంకెలు పత్రికల్లోకి ఎక్కాక, ఒకనాటి మోటు తిండి నగరంలో ఆరోగ్యానికి గుర్తు అయింది. హైదరాబాదు వీధుల్లో సాయంకాలం జొన్నరొట్టెల బండ్లు వెలిశాయి. జిల్లాల నుంచి వలసవచ్చిన స్త్రీలు అనేకులు ఈ పని చేస్తున్నారు. చేత్తో తట్టి రొట్టె చేయడం తల్లి నుంచి కూతురికి వచ్చిన నేర్పు. ఇప్పుడది రొట్టెకింత అని ధర పలికే వృత్తి.

పల్లెలో లెక్క వేరు. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణంలో సన్నబియ్యం ఇస్తున్నారు, ఉచితంగా, మనిషికి ఆరు కిలోలు. శ్రీనాథుడి చాటువుల నాటి సన్నబియ్యపు హోదా ఎట్టకేలకు కూలివాడి కంచానికి చేరింది. దానిని ఎవరూ తప్పుపట్టలేరు. ఆ ఇంటివాళ్లు జొన్నరొట్టె తినాలనుకుంటే మాత్రం జొన్నలు డబ్బు పెట్టి దుకాణంలో కొనాలి. కిరాణంలో వేలాడే పొట్లాల వరుసల్లో కొత్తగా ‘మిల్లెట్’ బిస్కెట్లు, ‘మిల్లెట్’ నూడుల్స్ కూడా చేరాయి. వాటిలో కొన్నింటి జాబితా చూస్తే మైదా, పామోలిన్, చక్కెరల నడుమ జొన్నపిండి కొద్దిపాళ్లలో ఉంటుంది. బిస్కెట్టు మీద పచ్చరంగు అట్ట, కంకి బొమ్మ ఉన్నాయి. వెనుక అక్షరాలు ఎప్పటిలాగే ఆంగ్లంలో ఉన్నాయి.